పాకం చప్పుడు

నా పరిశోధన ఏమిటని ఎవరైనా అడిగితే మొదట మంచినీళ్ళు తాగేదాన్ని. నిజామాబాదులో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకునే మనిషి హైదరాబాదులో స్పానిష్ సాహిత్యం మీద పీహెచ్‌డీ చేస్తున్నదంటే వినేవాళ్ళ ముఖంలో ముందు గౌరవం, తర్వాత అనుమానం, ఆఖరున జాలి వరసగా వచ్చిపోయేవి. మా అవ్వ మాత్రం తడుముకునేది కాదు. మా ఇళ్ళలో అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. చుట్టాలెవరు అడిగినా "మా చిన్నది సక్కెర మీద సదువుతున్నది" అని ఒక్క ముక్కలో తేల్చేసేది. దాంతో పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళు తమ షుగరు రిపోర్టులు తెచ్చి నా చేతిలో పెట్టేవాళ్ళు. నేను చదివి ఇచ్చేదాన్ని కూడా. ఇంతకీ అవ్వ చెప్పిందే నిజం. నేను చదువుతున్నది చక్కెర గురించే.

మాది మాక్లూర్ దగ్గర పల్లె. నా చిన్నతనంలో మా చేలలో చెరకు ఉండేది, కోతల కాలంలో బండ్లు బోధన్ ఫ్యాక్టరీకి పోయేవి. బాపు ఒకసారి నన్ను బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. అక్కడ చూసిందాంట్లో నాకు సగమే గుర్తుంది, మిగతా సగం తర్వాత కలల్లో వచ్చి చేరినట్టుంది. గేటు దగ్గర తెల్లటి ఆవిరి నేలబారుగా వచ్చి మా ఎడ్ల కాళ్ళను మాయం చేసింది. ఎడ్లు ఆవిరి మీద తేలుతూ నడిచాయి. గాలి తియ్యగా ఉంది, కొంచెం మాడు వాసన కూడా. నేను నాలుక చాపి ఆ గాలిని నాకాను, బాపు పగలబడి నవ్వాడు. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ మూతపడింది, మా చేలలో పసుపు, వరి పండుతున్నాయి. అయినా నాకు ఆవిరి ఎక్కడ కనబడ్డా నోట్లో తీపి తగులుతుంది.

డిచ్‌పల్లిలో ఎమ్మెస్సీ అయ్యాక హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటూ, సాయంత్రాలు ఏదో ఒకటి నేర్చుకుందామని భాషల డిప్లొమాకు వెళ్ళాను. ఫ్రెంచిలో సీట్లు నిండిపోయాయి, స్పానిష్‌లో చేర్చుకున్నారు. నా జీవితంలో ముఖ్యమైన నిర్ణయాలన్నీ సీట్లు లేక జరిగినవే. రెండో ఏడు మా టీచరమ్మ ఒక పాత పుస్తకాన్ని స్కాను చేసిన ఫైలు ఇచ్చింది. స్పానిష్ మాట్లాడే ఒక చెరకు ద్వీపంలో, చక్కెర మిల్లు మేస్త్రీ కూతురు ముసలితనంలో రాసుకున్న జ్ఞాపకాలు. ఎవరూ పట్టించుకోని పుస్తకం. కాగితాలకు పురుగు కొట్టిన చిల్లులు కూడా స్కానులో పడ్డాయి. మొదటి పేజీలోనే తెల్లవారుజాము మసకలో చెరకు బండ్లు వస్తున్నాయి, ఆవిరిలో ఎడ్ల కాళ్ళు కనబడడం లేదు. నేను ఫైలు మూసేసి, హాస్టలు మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. సముద్రాలకు అవతల ఒక ఆడపిల్ల నా బండి ఎక్కి కూర్చుందని సంతోషమో, అసూయో తెలియలేదు.

ఆ పుస్తకమే నా పీహెచ్‌డీ అయింది. ఉద్యోగం నిజామాబాదులో, చదువు హైదరాబాదులో, మనసు ఆ ద్వీపంలో. ఇద్దరు గైడ్లు. ఒకరు సాహిత్యం మేడం, ఇంకొకరు ఫిజిక్స్ సారు. ఆ ముసలావిడ రాసిన విడ్డూరాలు ఒక్కొక్కటీ తీసి, వాటి వెనక ఉన్న భౌతికశాస్త్రాన్ని చూపడం నా పని. మేడం దేన్ని చూసినా ప్రతీక అనేది, సారు దేన్ని చూసినా లెక్క వేద్దామనేవాడు. ఇద్దరి మధ్య నేను బస్సులో నిలబడ్డ మనిషిలా ఏదో ఒక కమ్మీ పట్టుకుని వేలాడేదాన్ని.

మొదటి విడ్డూరం నీలం వెలుగు. మిల్లులో చక్కెర నిలవచేసే గదిలో గడ్డలు పగలగొడుతుంటే నీలం మెరుపులు పుట్టేవని ఆమె రాసింది. అది చిన్నపిల్ల కల అంది మేడం. కల కాదు, గట్టి స్ఫటికం విరిగితే నిజంగానే సన్నని వెలుగు వస్తుంది, నమ్మకపోతే చూసుకో అన్నాడు సారు. నేను ఊరికి వెళ్ళినప్పుడు మిట్టమధ్యాహ్నం పసుపు నిలవ ఉంచే గదిలో తలుపు వేసుకుని, సందుల్లో గోనెసంచులు కుక్కి, పటికబెల్లం పలుకుల్ని పటకారతో విరిచాను. కళ్ళు ఆ చీకటికి అలవాటు పడేదాకా ఏమీ లేదు. తర్వాత ఒక పలుకు పుటుక్కుమంది, నీలంగా ఏదో పుట్టి నేను చూసేలోపే పోయింది. ఇంకొకటి విరిచాను, ఇంకొకటి. సంతోషం పట్టలేక అరగంట అలా విరుస్తూనే కూర్చున్నాను.

"ఏం జేస్తున్నవే లోపట?" అని అవ్వ తలుపు కొట్టింది.

"వెలుగు సూస్తున్ననే."

"తలుపులేసుకోని సీకట్ల కూసోని వెలుగు సూసుడేంది? తలకాయ గిట్ల తిరిగిందా?"

ఆ రోజు నుంచి ఆ ముసలావిడ మీద నాకు గురి కుదిరింది. ఆమె అబద్ధం రాయదు. అక్కడితో ఆగితే బాగుండేది, కానీ నా మీద నాకు కూడా గురి కుదిరింది. ఆమె రాసిందేదైనా నేను విప్పి చెప్పగలను అనుకున్నాను.

రెండో విడ్డూరం నిశ్శబ్దం. మిల్లులో రసం కాగే సాలలో వరసగా ఐదు కడాయిలు ఉండేవి. ఆమె తండ్రి చివరి కడాయి దగ్గర అందరికీ వీపు పెట్టి నిలబడేవాడు. పాకం గడ్డకట్టడానికి దగ్గరపడే వేళకు కుడి చెయ్యి పైకెత్తేవాడు. అంతే, సాలంతా నోరు మూసేది. కట్టెలు మోసేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయేవాళ్ళు. మెట్ల మీద కూర్చున్న చిన్నపిల్ల ఊపిరి బిగబట్టేది. చెయ్యి కిందికి దిగాక అందరూ ఒక్కసారే మాట్లాడేవాళ్ళు. నాన్న ఆ కాసేపట్లో దేవుణ్ణి ఏం కోరుకునేవాడో తనకెప్పుడూ తెలియలేదని ఆమె రాసింది. ఈ మాటను నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. నిజామాబాదులో కాలేజీ స్టాఫు రూములో, పిల్లల పరీక్ష పేపర్ల మధ్య, కళ్ళు మూసుకుంటే ఆ చెయ్యి లేచేది.

మూడో చాప్టరు మొత్తం ఆ చెయ్యి మీదే రాశాను. నీళ్ళు మామూలుగా పట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ చక్కెర కరిగి ఉంటే దాన్ని అతిసంతృప్త ద్రావణం అంటారు, ఇంటర్ పిల్లలకు కూడా తెలుసు. అది గడ్డకట్టడానికి సిద్ధంగా ఉండి కూడా ఆగి ఉంటుంది. ఒక్క పలుకు పడినా, ఒక కుదుపు తగిలినా గడ్డకట్టడం మొదలవుతుంది. మనిషి గొంతు కూడా పాకాన్ని కుదుపుతుందని ఆ పనివాళ్ళు నమ్మారని, అందుకే ఆ మౌనమని నేను వాదించాను. గొంతు చప్పుడుకు అంత బలం లేదని సారు లెక్క వేసి చూపాడు. అయితే మరీ మంచిది, అది శాస్త్రం కాదు, పూజ అంది మేడం. శాస్త్రానికి దగ్గరగా వచ్చి తప్పిన ఒక అందమైన నమ్మకం అని ఇద్దరికీ నచ్చేలా రాశాను. నాలుగేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక్కమాట మీదికి వచ్చింది ఆ చాప్టరు దగ్గరే. నేను పొంగిపోయాను.

ఆ తండ్రి అంటే మాత్రం నాకు ఒళ్ళు మంట. పుస్తకమంతా ఆమె దుఃఖం ఒక్కటే, పిలిస్తే ఆయన పలికేవాడు కాదు. తల్లి భోజనానికి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. ఒకసారి ఈ పిల్ల సాల మెట్ల మీద నుంచి పడి, మోచెయ్యి విరిగి, నాన్నా అని ఏడ్చింది. ఆయన అరడజను అడుగుల దూరంలో వీపు పెట్టి నిలబడే ఉన్నాడు. ఎవరో కట్టెలమనిషి వచ్చి ఎత్తుకున్నాడు. చక్కెర మీద ఉన్న ప్రేమ నాన్నకు తన మీద లేదని ఆమె డెబ్బై ఏళ్ళు దాటాక రాసింది, క్షమించానని కూడా రాసింది. నేను క్షమించలేదు. మా బాపు నేను గాలిని నాకితే నవ్విన మనిషి. ఆ మేస్త్రీ గురించి నా చాప్టరులో పనికి బానిసైన బండమనసు మనిషి అని రాసి, మేడం పెన్సిలుతో కొట్టేస్తే మళ్ళీ రాశాను.

ఆ ఏడు మార్చి నెలాఖరుకు థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషను పోతుంది. ఇవ్వాల్సిన గడువులు, అడగాల్సిన గడువులు అన్నీ అయిపోయాయి. చాప్టర్లన్నీ సిద్ధంగానే ఉన్నాయి, బైండింగు ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడు మా అక్క కూతురికి మొదటి హోలీ వచ్చింది. మా వైపు చంటిపిల్లకు మొదటి హోలీ అంటే తల్లిగారింటి నుంచి చక్కెర పేర్లు పోవాలి. పేర్లంటే దారానికి తెల్లటి చక్కెర బిళ్ళలు అతికి ఉండే దండలు, పిల్లల మెడలో వేస్తారు. బజారులో దొరికేవి అవ్వకు ఆనలేదు.

"బోధన్ల ఒక పాత పాన్‌మాన్ సాయిబు ఇంట్ల చేస్తరంట. మంచిగ తెల్లగుంటయంట. నువ్వే పోయి తే. సక్కెర మీద సదువుతున్నవ్ గదా, సక్కెర తెచ్చుటానికి ఏమైతది నీకు?"

పాన్ అంటే ఫ్యాక్టరీలో చెరకు రసం చివరికి పలుకు కట్టే పెద్ద మూత గంగాళం. దాన్ని చూసుకునేవాళ్ళు పాన్‌మాన్లు. చక్కెర మీద నాలుగేళ్ళు చదివి నేను ఒక్క పాన్‌మాన్‌తో కూడా మాట్లాడలేదన్న సంగతి నాకప్పుడు తట్టనే లేదు. నా ద్వీపంలో నేనున్నాను.

పొద్దున్నే బోధన్ బస్సు ఎక్కాను. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు మరాఠీలో ఏదో పెళ్ళి సంగతి చెప్పుకుంటున్నారు. పసుపు ఉడకబెట్టే రోజులు. రోడ్డు పక్క చేలలో డ్రమ్ముల నుంచి ఆవిరి లేచి, ఎండ ఎక్కని గాలిలో కదలక నిలబడింది. బస్సు ఒక ఆవిరిలోంచి ఇంకో ఆవిరిలోకి పోతూ ఉంది. మధ్య మధ్యలో వరి పచ్చగా కనబడి మాయమవుతోంది. నాకు కాసేపు కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి ఎక్కడున్నానో తెలియలేదు, తెలియకపోవడం హాయిగా ఉంది. దూరంగా ఫ్యాక్టరీ పొగగొట్టం, పొగ లేకుండా. దాన్ని చూసి నేను బోధన్ వచ్చానని గుర్తుపట్టాను.

సాయిబు ఇల్లు పాత గల్లీలో ఉంది. ముందు గదిలో పొయ్యి, దాని మీద వెడల్పాటి కడాయి, పక్కన నీళ్ళ తొట్టిలో నానుతున్న చెక్క అచ్చులు. చారల లుంగీ కట్టుకున్న ముసలాయన మాకు వీపు పెట్టి కడాయి ముందు నిలబడ్డాడు. ఆయన కూతురు, నాకంటే పదేళ్ళు పెద్దదేమో, నేల మీద కూర్చుని అచ్చుల్లో దారాలు పరుస్తోంది. తలుపు తీసి ఉన్న లోపలి గదిలో ఎవరో మిక్సీ తిప్పుతున్నారు. కూతురు నన్ను కూర్చోమని, వెనక్కి తిరిగి తండ్రిని "అబ్బా! నిజామాబాద్ నుంచి గిరాకి వచ్చింది" అని పిలిచింది. ఆయన తిరగలేదు. మళ్ళీ గట్టిగా పిలిచింది. లేదు.

"సూసినవా చెల్లె. మూడేండ్ల సంది గిదే కత. పిలిస్తె పలుకడు. ఫ్యాక్టరీల పెద్ద ఉస్తాద్ ఉండె గదా, ఇంట్ల మా అసుంటోళ్ళ మాట ఆయనకు ఆనుతదా? జరమొచ్చి పండుకున్న, అబ్బా జర నీళ్ళియ్యి అన్న. తిరిగి గూడ సూడలె." చెప్తూ చెప్తూ ఆమె దారం పళ్ళతో తెంపింది.

నేను సానుభూతిగా తల ఊపుతుండగా ముసలాయన కుడి చెయ్యి పైకెత్తాడు.

కూతురు మాట మధ్యలో ఆగిపోయింది. లోపల మిక్సీ ఆగిపోయింది. గల్లీలో ఒక స్కూటరు పోయి, ఆ చప్పుడు కూడా తగ్గింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆ చెయ్యి నాకు తెలుసు. నాలుగేళ్ళుగా కళ్ళు మూసుకుంటే లేచే చెయ్యి అదే. ఇది బోధనో, ద్వీపమో, నేను కుర్చీలో ఉన్నానో, మెట్ల మీద ఉన్నానో ఒక్క నిమిషం పాటు తెలియలేదు. గదిలో పాకం ఉడికే చప్పుడు ఒక్కటే ఉంది. తర్వాత చెయ్యి దిగింది. కడాయి దించారు, కూతురు గబగబా అచ్చుల్లో పోసింది, మిక్సీ మళ్ళీ మొదలైంది.

నా చాప్టరు కళ్ళ ముందు నిజమైందని పొంగిపోతూ ఆయన ఎదుటికి వెళ్ళి అడిగాను. "చాచా, చెయ్యి ఎత్తినప్పుడు దువా చేస్తరా? లేకుంటె మాట్లాడితే పాకం ఖరాబవుతదా?"

ఆయన నా ముఖంలోకి తీక్షణంగా చూశాడు, తర్వాత నవ్వాడు. "దువా ఏంది బిడ్డా. పాకం ఏమన్న కోడిపిల్లనా, బెదరనీకి? నేను వినాలె. నేను వినాల్నంటే మీరు నోర్లు మూయాలె గదా!"

అంత చిన్న మాట. పాకం చిక్కబడేకొద్దీ బుడగలు పెద్దవవుతాయి, నిదానంగా పగులుతాయి, చప్పుడు లోతుకు దిగుతుంది. అది విని దించాలి. ఇది ఫిజిక్స్ టీచరుకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు ఒకరు చెప్పాల్సి వచ్చింది.

"ఫ్యాక్టరీల పాన్‌కు అద్దం ఉంటుండె, అండ్లకెల్లి సూడొచ్చు" అన్నాడు ఆయన. "గని మా ఉస్తాద్ ఇనుప సలాక పాన్‌కు ఆనిచ్చి, ఇటు కొస చెవుకు పెట్టుకుంటుండె. నాకు గదే నేర్పిండు. అందరం గట్లనే విన్నం."

రెండో కడాయి పొయ్యి మీదికెక్కింది. కూతురు గట్టిపడ్డ పేర్లు తీసి ఆరబెట్టడానికి మిద్దె మీదికి పోయింది. ఆమె మెట్లెక్కడం చూసి ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు. "నీ చెవులు మంచిగున్నయా బిడ్డా? నువ్వు విను. సప్పుడు మారంగనే నీ చెయ్యెత్తు." నేను వంగి విన్నాను. ముందు జోరువానలా ఒకటే చిటపట. ఎంతసేపైందో తెలియదు. నెమ్మదిగా అది పలచబడింది. వాన వెలిశాక చూరు నుంచి పడే చినుకుల్లా ఒక్కొక్కటిగా, లావుగా పడసాగింది. నా చెయ్యి దానంతటదే లేచింది. ఆయన కడాయి దించి, గరిటె ఎత్తి చూసి, తృప్తిగా తల ఊపాడు.

"నాకు వినవడ్తలేదు బిడ్డా" అన్నాడు అప్పుడు, మెల్లగా. "ముందటుండి మాట్లాడితే పెదవులు సూసి పట్టుకుంట. అందరు సుప్ ఉంటే పాకం జరంత అందుతుండె. ఈ ఏడు అది గూడ అందుతలేదు, అందాజ మీద దించుతున్న. ఇంట్ల చెప్పకు. ఎరుకైతే నన్ను పొయ్యి కాడికి రానియ్యరు. ఇదొక్కటే ఉన్నది నాకు." చెప్పనని మాటిచ్చాను. మూడో కడాయికి చప్పుడును ఫోన్లో రికార్డు చేసుకుంటానంటే సరే అన్నాడు.

తిరుగు బస్సులో పేర్ల పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నపు ఎండలో ఆవిర్లు పోయి చేలన్నీ ఉత్తగా కనబడుతున్నాయి. నాకు నిద్ర రాలేదు. పుస్తకంలో ప్రతి పేజీ దానంతటదే తిరగబడుతోంది. తల్లి భోజనానికి పిలిచింది, ఆయనకు వినబడలేదు. పిల్ల మెట్ల మీద నుంచి పడి ఏడ్చింది, ఆయన వీపు పెట్టి ఉన్నాడు, వినబడలేదు. చెవులు పోయాయని తెలిస్తే మేస్త్రీ పని పోతుంది, అందుకే చెయ్యెత్తి సాలంతా నోరు మూయించేవాడు. మొదట్లో అంత నిశ్శబ్దం అవసరం ఉండేది కాదని, ఏటికేడు ఆ చెయ్యి ఎక్కువసేపు పైనే ఉండేదని కూడా ఆమె రాసింది. ఆమె అబద్ధం రాయదు, కానీ ఆమెకు తెలియదు. నాకు ఏడుపు వచ్చింది. బండమనసు అని రాసింది నేనే. అది కూడా కొట్టేస్తే మళ్ళీ రాశాను.

ఆ సాయంత్రమే గైడ్లిద్దరికీ ఫోన్ చేసి, సాయిబు గుట్టు బయటపెట్టకుండా, ఆ చెయ్యి వినడం కోసమని, మేస్త్రీకి చెవుడు వచ్చి ఉంటుందని చెప్పాను. "ఇప్పుడున్నది ఇచ్చెయ్యి, డిగ్రీ వచ్చాక దిద్దుకోవచ్చు" అంది మేడం. రికార్డింగు పంపిస్తే సారు మర్నాడే విశ్లేషించి చప్పుడు లోతుకు దిగడం గ్రాఫులో చూపాడు. కానీ ఆయన పట్టు ఆయనది. "చప్పుడు మారుతుంది, ఒప్పుకున్నాను. చెయ్యెత్తడం వినడం కోసమేనని, వినలేని మనిషి అలా చేస్తాడని చెప్పడానికి ఆ పని చేసిన మనిషి మాట కావాలి. ఆయన ఒప్పుకుని చెప్పాలి. లేకపోతే ఇది కూడా నీ ఊహే." సరైన మాటే. కానీ నేను నోరు విప్పనని మాటిచ్చి వచ్చాను. మాట నిలబెడితే అబద్ధమని తెలిసిన చాప్టరు బైండు చేయించాలి. అది తీసేస్తే థీసిస్ నడుం విరుగుతుంది, గడువు దాటుతుంది, నాలుగేళ్ళు గంగలో కలుస్తాయి. హోలీ రోజు అక్కవాళ్ళింట్లో అందరూ రంగులాడుతుంటే నేను గదిలో కూర్చుని చక్కెర పలుకులు నములుతూ ఆలోచించాను. అక్క కూతురు మెడలో పేర్లు వేసుకుని, బిళ్ళలు చీకుతూ, నా వైపు చూసి నవ్వింది.

హోలీ దాటిన మూడో రోజు మళ్ళీ బోధన్ వెళ్ళాను. ఒప్పించాలని కాదు. అడిగి, వద్దంటే వచ్చేద్దామని. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు, సీజను అయిపోయింది. కడాయి గోడకు ఆనించి ఉంది. కూతురు గది మూలన కూర్చుని అచ్చులు తుడుస్తూ రేడియో వింటోంది. ఆ పాటల చప్పుడులో మా మాటలు ఆమెకు అందవని చూసుకుని, నేను ఆయన ఎదురుగా మంచం మీద కూర్చుని, పెదవులు బాగా కనబడేలా నిదానంగా ఆ పుస్తకం కథ చెప్పాను.

ఆయన అడిగిన ప్రశ్నలు నా గైడ్లు నాలుగేళ్ళలో అడగలేదు. "రాగి కడాయిలా, ఇనుపయా?"

"రాగివి, చాచా."

"ఎన్ని?"

"ఐదు. వరసగ."

"ఆఖరు దాని కాడ నిలవడ్డడా?"

"అవ్."

"గంతే మరి. వినేటిది ఆఖరు దాని కాడనే" అన్నాడు, పాత దోస్తు కబురు విన్నట్టు సంతోషంగా. తర్వాత భోజనానికి పిలిచిన తల్లి గురించి, మెట్ల మీద పడ్డ పిల్ల గురించి చెప్పాను. ఆయన ముఖంలో సంతోషం పోయింది. నా పెదవుల మీద నుంచి చూపు తీసి, గోడకున్న కడాయిని చాలాసేపు చూశాడు. నేను అడగాలనుకున్నది అడగలేకపోయాను. అడగడం నీచంగా అనిపించింది.

"ఆ బిడ్డకు ఎరుకయ్యిందా, ఆఖరికి?" అన్నాడు.

"లేదు చాచా. ముసల్దయ్యి బుక్కు రాసిందాక గూడ ఎరుక లేదు. నాన్నకు నా మీద పానం లేకుండె అనే రాసింది."

ఆయన చెయ్యి పైకెత్తాడు.

కూతురు అలవాటుగా రేడియో కట్టేసింది. ఇల్లంతా సద్దుమణిగింది. ఉడికేది ఏదీ లేదు కనుక ఈసారి ఆ చప్పుడు కూడా లేదు. "ఏమైంది అబ్బా, పొయ్యి మీద ఏం లేదు గదా?" అని ఆమె ఆయన వీపుతో అంది. ఆయన వెనక్కి తిరిగాడు. "ఇధర్ ఆ బేటీ" అని ఆమెను పిలిచాడు.

ఉర్దూలో చెప్పాడు, తడుముకోకుండా, నేరం ఒప్పుకునే మనిషిలా. మూడేళ్ళుగా వినబడడం లేదని. జ్వరంలో నీళ్ళడిగావని తర్వాత ఎవరో చెప్తే తెలిసిందని, అప్పుడు కూడా సిగ్గుపడి చెప్పలేదని. పొయ్యి దగ్గర్నుంచి లేపేస్తారని భయపడ్డానని. చెప్పి, నా వైపు చూశాడు. "ఇగ రాసుకో బిడ్డా. పేరొక్కటి వద్దు" అన్నాడు తెలుగులో.

నేను తల ఊపాను, కానీ నా చాప్టరు అప్పుడు నాకు గుర్తు లేదు. నేను ఆమెనే చూస్తున్నాను. చెక్క అచ్చు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద తడి చెంగుతో తుడిచిందే తుడుస్తోంది. కాసేపటికి దాన్ని పక్కన పెట్టి లేచింది. ఎప్పుడూ పిలిచే మూల నుంచి కదిలి, మంచం చుట్టూ తిరిగి వచ్చి, ఆయన ముందు నేల మీద కూర్చుని, ముఖం పైకెత్తి ఏదో అంది. పెదవులు మాత్రమే కదిలాయి. పక్కనే ఉన్న నాకు వినబడలేదు.

ఆయన పలికాడు.